పాత అల్యూమినియం పడవ బాగుచేత: ఏళ్ల వాడకం తర్వాత ఏది నిలిచింది

రివెట్లతో, అంటే రేకులను కలిపి పట్టే లోహపు మేకులతో, బిగించిన పాత చేపల పడవ. బాగుచేసి నీళ్లలోకి దింపి ఏళ్లయింది. సుత్తితో చేసిన పని గట్టిగా నిలిచింది, డబ్బాలోంచి తీసి పూసిన పని సగమే నిలిచింది.

కారేది ఎక్కడో తెలియాలంటే అడుగున దన్నులు పెట్టి, పడవ లోపల కొద్దిగా నీళ్లు పోయాలి. బయట చుక్క కట్టిన చోటల్లా మార్కర్‌తో గుర్తు పెట్టుకుంటే చాలు. వదులైన రివెట్లను బిగించడానికి ఇద్దరు కావాలి. బయట ఒకరు రివెట్ తలకు బరువైన ఇనుప దిమ్మె ఆనించి పట్టుకుంటే, లోపల ఇంకొకరు అటు పొడుచుకొచ్చిన తోకను సుత్తితో కొట్టాలి. చెవులు చిల్లులు పడతాయి గానీ అలా బిగించినవి ఇప్పటికీ చెమ్మ రానివ్వలేదు. చెయ్యి దూరని మూలల్లో, ఒక పక్కనుంచే బిగించగలిగే పాప్ రివెట్లు తప్పలేదు. మామూలు రకానికి నడుమ బెజ్జం ఉంటుంది, నీళ్లు అక్కణ్ణుంచే వస్తాయి. కొన మూసి ఉన్నవి, అవీ అల్యూమినియంవే, పాలీయురేథేన్ సీలెంట్ పట్టించి వేస్తే ఆ బెడద లేదు.

అతుకుల మీద పూసిన ఎపాక్సీకి (రెండు పాళ్లు కలిపితే గట్టిపడే జిగురు) మాత్రం సగం మార్కులే. కదలని చోట బాగానే ఉంది, అలలకు రేకు వంగే చోట సన్నగా పగుళ్లిచ్చింది. రివెట్ బిగించకుండా పైన ఇది పూసేసి ఊరుకుందామంటే కుదరదు. సిలికాన్ అయితే అసలే వద్దు, దాని మీద రంగు కూడా పట్టదు.

మోటారు తగిలించే వెనక చెక్కకు, కుళ్లకుండా మందు పట్టించిన ప్లైవుడ్ వాడేవాళ్లున్నారు. ఆ మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, తడి తగిలిందంటే అది అల్యూమినియాన్ని తినేస్తుంది. నేను పడవల కోసం చేసే మెరైన్ ప్లైవుడ్ పెట్టి అంచులకూ, బోల్టు రంధ్రాల లోపలా ఎపాక్సీ పట్టించాను. ఈమధ్య విప్పి చూస్తే చెక్క పొడిగానే ఉంది. స్టెయిన్‌లెస్ బోల్టుల కింద నైలాన్ వాషర్ లేని చోట మాత్రం రెండు లోహాలూ తగిలి, అల్యూమినియం తినేసి తెల్లటి పొడి కట్టింది. ఉప్పునీళ్లలో తిప్పేవాళ్లకు ఇది ఇంకా తొందరగా వస్తుంది.

గీకిన అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర వెంటనే కట్టేస్తుంది కాబట్టి రేకును కొద్దిగా కొరికి పట్టుకునే తొలి పూత, ఎచింగ్ ప్రైమర్, అదే రోజు పడాలి. పక్కల రంగు చెక్కుచెదరలేదు. ఒడ్డుకు రాసుకునే అడుగుభాగంలో ఏ రంగూ ఆగదు, అక్కడ వెయ్యడమే మానేశాను. నాచు పట్టకుండా వేసే రంగు కొంటే రాగి లేనిదే తీసుకోండి.

బాగా సంతృప్తినిచ్చింది ఫోమ్ మార్పు. నీళ్లు తాగిన పాతది తీసేయగానే పడవ తేలికపడింది. అలాగని ఖాళీగా వదలకూడదు, పడవ నిండా నీళ్లొస్తే తేల్చి ఉంచేది అదే. ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ అనే గట్టి ఫోమ్ పలకలు కోసి పెట్టాను. పెట్రోలు పడితే అవి కరిగిపోతాయి, అందుకని ట్యాంకు కింద మాత్రం పలక పెట్టలేదు.