సై యంగ్ సంతకం: బంతి మీదనా, ఉత్తరం మీదనా?

511 విజయాలు సాధించి 1911లో ఆట విరమించిన అమెరికా బేస్‌బాల్ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) సై యంగ్, 1955లో మరణించేవరకు అభిమానులకు సంతకాలు చేస్తూనే ఉన్నాడు.

ఆయన సంతకం కొని దాచుకోవాలనుకునేవారు సంతకం చేసిన బంతినో, ఉత్తరాన్నో ఎంచుకోవాలి. బంతికి ఆకర్షణ ఎక్కువ, ధరా ఎక్కువే. కుట్ల వరుసలు దగ్గరయ్యే ఇరుకు చోట ఒక్క సంతకమే ఉంటే సేకర్తలు మరింత మక్కువ చూపుతారు. అయితే తోలు పసుపెక్కుతుంది, సిరా వెలుతురుకు వెలిసిపోతుంది, రక్షణ కోసమని పూర్వం పూసిన లక్క పూత ముదురు రంగుకు తిరిగి పగుళ్లు తీస్తుంది. అమెరికా బేస్‌బాల్‌లోని రెండు ప్రధాన లీగ్‌లలో ఒకటైన అమెరికన్ లీగ్ అధికారిక బంతిపై ముద్రించిన లీగ్ అధ్యక్షుడి పేరు విల్ హారిడ్జ్ అయితే అది 1931కి ముందుది కాజాలదు. కనుక దాన్ని యంగ్ ఆడిన రోజులనాటిదని అమ్మజూపేవారిని నమ్మనక్కరలేదు.

ఉత్తరం చూపులకు సాదాగా ఉన్నా, నిజానిజాలు తేల్చడంలో దానిదే పైచేయి: సంతకంతోపాటు పోల్చి చూసుకోవడానికి పేజీ నిండా చేతిరాత దొరుకుతుంది, కవరు కూడా మిగిలివుంటే తపాలా ముద్ర తేదీని, ఊరిని చెబుతుంది. బాల్‌పాయింట్ కలాలు అమెరికా దుకాణాలకు వచ్చింది 1945 చివరలో కాబట్టి, అంతకుముందు తేదీ వేసిన ఉత్తరంలో ఆ గీత కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయడమే మంచిది. అద్దాల బీరువాలో నలుగురికీ చూపాలనుకునేవారికి బంతే తగినది. నా డబ్బయితే మాత్రం ఉత్తరానికే పెడతాను, దాన్ని ఆమ్లరహిత కవరులో వెలుతురు తగలకుండా దాచడమూ తేలికే.