రేకుల షెడ్డుకి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’: మూడు రెన్యువల్స్ అయ్యాక నా అనుభవం

గాజువాక ఆటోనగర్‌లో మాకు అట్టపెట్టెల యూనిట్ ఉంది. ఇనుప స్తంభాలు, ఇనుప ట్రస్సులు (కప్పుని మోసే చట్రాలు), పైన రేకులు, మొత్తం నాలుగు వేల చదరపు అడుగుల షెడ్డు. ఇన్సూరెన్స్ అంటే బ్యాంకు లోను కోసం కట్టేది అనుకునేదాన్ని, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చేవరకు.

ఆ రోజు ముందు రోలింగ్ షట్టరు లోపలికి ఒంగిపోయింది. ఆ సందులోంచి గాలి దూరి పైకప్పుని ఎత్తేసింది. ఐదు లక్షల నష్టం. షెడ్డు మళ్లీ కట్టాలంటే అప్పట్లో 20 లక్షలు అయ్యేది. ప్రీమియం కలిసొస్తుందని మేము 12 లక్షలకే రాయించాం. నష్టం లెక్కగట్టడానికి వచ్చిన సర్వేయరు దాన్ని కూడా అదే వంతున కోసేశాడు. ఐదు కాస్తా మూడు అయింది, అందులోంచి ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిములో మనమే భరించాల్సిన వంతు, పట్టుకున్నారు. పక్క షెడ్డాయనది ఇంకా దారుణం. తుఫాను, వరద కవరు తీసేయిస్తే డబ్బు మిగులుతుందని ఎవరో చెబితే తీయించేసుకున్నాడు. ఆయనకి పైసా రాలేదు. ప్రీమియం ఎలా తగ్గించాలని ఎవరు అడిగినా ముందు ఈ రెండూ చెప్పి, ఇవి మాత్రం చేయకండి అంటాను.

ఇప్పుడు మేం కడుతున్న ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ చిన్న యూనిట్ల కోసం పెట్టిన అగ్నిప్రమాద ఇన్సూరెన్స్ పాలసీ, 2021 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఒకే చోట ఉన్న బిల్డింగు, మిషన్లు, సరుకు కలిపి 5 కోట్ల లోపు ఉంటే ఇది వర్తిస్తుంది. అది దాటితే 50 కోట్ల దాకా ‘భారత్ లఘు ఉద్యమ్ సురక్ష’ అని ఇంకో పాలసీ. విలువ 15 శాతం వరకు తక్కువగా రాసి ఉన్నా క్లెయిములో కోత వేయరు. మాలాంటి దెబ్బ తిన్నవాళ్లకి ఆ ఒక్క నిబంధన చాలు. తుఫాను, వరద, భూకంపం ఇందులోనే వస్తాయి, టెర్రరిజం కావాలంటే విడిగా కట్టాలి.

నా ఖర్చు తగ్గింది మాత్రం బ్రోకరు వల్ల. ఫోన్లో కొటేషన్ పంపి ఊరుకోకుండా షెడ్డుకొచ్చి గంటసేపు తిరిగాడాయన. “ఇనుము కాలదు కదండీ, ఇంత రేటెందుకు?” అని అడిగాను. “రేటు చాలావరకు లోపల ఏముందో దాన్ని బట్టి మేడమ్. మీ దగ్గర కాగితం రీళ్లున్నాయి. అవి అంటుకుంటే 550 డిగ్రీల దగ్గరే ఇనుము బలం సగానికి పడిపోతుంది, ట్రస్సు ఒంగి కూర్చుంటుంది” అన్నాడు. అప్పటిదాకా ఏ ఏజెంటూ నాకు ఈ మాట చెప్పలేదు.

హుద్‌హుద్ తర్వాతి పాత పాలసీ తీసి చూస్తే బిల్డింగు విలువ 95 లక్షలని ఉంది. బ్యాంకు వేల్యుయేషన్ అంకెని ఉన్నదున్నట్టు ఎక్కించేశారు, అంటే అందులో స్థలం ఖరీదూ కలిసే ఉంది. స్థలం కాలిపోదు, కొట్టుకుపోదు. ఇన్నేళ్లూ దానికీ ప్రీమియం కట్టాం! ఇంజినీరుతో ఇవాళ్టి నిర్మాణ ఖర్చు లెక్క కట్టిస్తే 52 లక్షలు తేలింది. ఇక వెనకాల గోడకి ఆనించి, వెదుళ్ల మీద టార్పాలిన్ కప్పి తుక్కు అట్ట వేసుకునేవాళ్లం. అలాంటి పందిరి ఉంటే కచ్చా కట్టడంగా లెక్కేసి రేటు పెంచే అవకాశం ఉందన్నాడు. వారంలో పీకించేసి ఇనుప యాంగిళ్లు, రేకులు వేయించాం. గడువు దాటిన ఫైర్ సిలిండర్లు నింపించి ఆ బిల్లులు కూడా జతచేశాం.

మొత్తం మీద 41 వేల ప్రీమియం 29 వేలకి దిగింది, జీఎస్టీ 18 శాతం అదనం. ఎక్కువ తగ్గింది స్థలం విలువ తీసేయడం వల్లే.

అసంతృప్తి కూడా ఉంది. హుద్‌హుద్ తర్వాత రేకుల అంచుల్లో స్క్రూలు దగ్గరదగ్గరగా కొట్టించాం, షట్టరుకి లోపలినుంచి అడ్డ పైపులు పెట్టించాం. గాలికి నిలబడేలా చేసిన ఈ పనికి మాకు ఒక్క రూపాయి రాయితీ ఇవ్వలేదు. ఇది చాలా అన్యాయం. పాలసీ కాగితాలు మాకు ఇంగ్లీషులోనే వచ్చాయి, మా ఫోర్‌మన్‌కి ఒక్కో షరతూ నేనే కూర్చుని చదివి చెప్పాల్సి వచ్చింది.

అయినా ఈ ఏడాది కూడా ఇదే రెన్యువల్ చేయించాను. మొన్న కొత్త స్టిచింగ్ మిషను లారీ దిగిన రోజే దాని విలువ చేర్చమని బ్రోకరుకి బిల్లు వాట్సాప్ చేశాను, సాయంత్రానికి ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో ఆ మార్పు చేసిన కాగితం, వచ్చేసింది.