పదకొండేళ్లు మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో వేగాక రాస్తున్న రివ్యూ

విజయనగరంలో 2013లో ఫ్లాట్ కొన్నాం. నాలుగు అంతస్తులు, ఇరవై ఇళ్లు, ఒక లిఫ్టు, ఒక బోరు. కొనేముందు వాస్తు చూపించాం, గోడలు తట్టి చూశాం, బ్యాంకు లోన్ కోసం నెల రోజులు తిరిగాం. అసోసియేషన్ సంగతి మాత్రం ఒక్క ముక్క అడగలేదు. ఇప్పుడు ఎవరైనా ఫ్లాట్ చూస్తున్నామంటే నేను ముందు అడగమనేది అదే.

మంచి ముందు చెప్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు ఆడదు, పైన ట్యాంకు ఖాళీ. అప్పటి సెక్రటరీ గారు రిటైరైన లెక్కల మాస్టారు. ఎక్కడెక్కడో తిరిగి అద్దెకి జనరేటర్ పట్టుకొచ్చి, రోజుకో గంట మోటారు వేయించి, ఇంటికి ఇన్ని బిందెలని తనే మెట్ల దగ్గర నిలబడి పట్టించారు. వారం తిరిగేసరికి డీజిల్‌కి ఎంత, అద్దెకి ఎంత, ఇంటికి ఎంత పడిందో తెల్లకాగితం మీద రాసి లిఫ్టు పక్కన గోడకి అంటించేశారు. ఒక్కరు కూడా మారు మాట్లాడలేదు, సాయంత్రానికల్లా అందరూ కట్టేశారు.

మాస్టారు పిల్లల దగ్గరికి వెళ్లిపోయాక కమిటీ మారింది, గోడ మీద కాగితం కూడా పోయింది. మెయింటెనెన్స్ 800 నుంచి 1,200, అక్కడి నుంచి 2,000. పెంచినందుకు నాకు బాధ లేదు, వాచ్‌మన్ జీతం పెరిగింది, లిఫ్టు ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) పెరిగింది, కామన్ మీటరు బిల్లు పెరిగింది, అవన్నీ నాకూ తెలుసు. కానీ వాట్సాప్‌లో "వచ్చే నెల నుంచి ఇంత" అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకుంటే ఎలా? దేనికండీ అని అడిగితే "అంటే మేం తినేస్తున్నామా?" అని ఎదురు ప్రశ్న. లెక్క అడగడం వేరు, దొంగ అనడం వేరు. ఈ ఒక్క తేడా అర్థం కాకే మా దగ్గర పక్కపక్క ఇళ్లవాళ్లు పండక్కి పిలుచుకోవడం కూడా మానేశారు.

తర్వాత మేడ మీదికి తాళం. పై ఫ్లాట్‌కి నీరు కారుతోందని తాళం వేశారు, రిపేరు అయిపోయాక కూడా తీయలేదు. వేసవిలో వడియాలు పెట్టుకోవడానికి మా అమ్మ తాళంచెవి కోసం సెక్రటరీ ఇంటికి మూడుసార్లు వెళ్లి వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి. ఆ రోజు నాకు నిజంగా కోపం వచ్చింది. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం కామన్ ఏరియాల్లో ప్రతి ఓనరుకీ విడదీయని వాటా ఉంటుంది, మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో అన్‌డివైడెడ్ షేర్ అని రాసేది అందుకే. మేడ కమిటీది కాదు, ఇరవై ఇళ్లదీ.

మా అసోసియేషన్ సొసైటీగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరైంది. అందుకని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి ఫీజు కట్టి బైలాస్, అంటే అసోసియేషన్ నియమావళి, నకలు తెచ్చుకున్నాను. ఏడాదికోసారి జనరల్ బాడీ పెట్టి లెక్కలు చూపించాలని అందులో స్పష్టంగా ఉంది. ఏళ్ల తరబడి ఇక్కడ ఉంటూ మాలో ఒక్కరమూ దాన్ని చదవలేదు, నేనూ చదవలేదు.

ఆ గొడవ అయ్యాక "అయితే నువ్వే చెయ్యి బాబూ" అని ఒక ఏడాది నన్ను ట్రెజరర్ని చేశారు. అప్పుడు అవతలి వైపు కష్టం తెలిసింది. జీతం లేని పని, రాత్రి పదకొండింటికి లిఫ్టు ఆగిపోతే ఫోను మనకే. విశాఖలో ఉండి ఇక్కడ ఫ్లాట్ అద్దెకిచ్చిన ఓనర్లు నాలుగైదు నెలలు బాకీ పెడతారు, ఫోనెత్తరు. పైడితల్లమ్మ పండక్కి, ముందు రోజు తొలేళ్ల నాటికే ఇంటింటా చుట్టాలు, మధ్యాహ్నానికి ట్యాంకు ఖాళీ, టాంకర్ డబ్బులు అందరి మీదా వేస్తే చుట్టాలు రానివాళ్లు మేమెందుకు కట్టాలంటారు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. మీటింగ్ పెడితే ఇరవై మందిలో ఆరుగురు వస్తారు.

కానీ ఒక విషయంలో మాత్రం నేను ఎప్పటికీ ఒప్పుకోను. ఓనరు బాకీ పెట్టాడని అద్దెకున్నవాళ్ల ఇంటికి నీళ్లు కట్టేశారు. లోపల చంటిపిల్ల ఉంది. ట్రెజరర్‌గా ఉండి నేనే వెళ్లి వాల్వు తిప్పాను. బాకీ వసూలు చేసుకోవాలంటే ఓనరుకి నోటీసు ఇవ్వండి, ఇంకా కట్టకపోతే కోర్టుకి వెళ్లండి, తాగే నీళ్ల జోలికి పోకండి.

రేటింగ్ అంటే, హుద్‌హుద్ వారానికి అయిదుకి అయిదు, తర్వాతి ఏళ్లకి రెండు. కొనేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు బైలాస్, మూడేళ్ల లెక్కలు, కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చుల కోసం దాచిన ఉమ్మడి నిధి) ఏ బ్యాంకులో ఎవరి సంతకంతో ఉందో అడగండి. చూపించడానికి తటపటాయిస్తే ఇంకో బిల్డింగ్ చూసుకోండి.

నేను ట్రెజరర్‌గా ఉన్నన్నాళ్లూ ప్రతి నెలా గోడకి కాగితం అంటించాను. ఇప్పటి కమిటీ కూడా దాన్ని కొనసాగిస్తోంది, అందుకు వాళ్లకి మనస్ఫూర్తిగా థాంక్స్. మేడ తాళం పొద్దుట ఆరింటికి తీస్తున్నారు. నాకంటే ముందటి రెండేళ్ల లెక్క మాత్రం ఇంకా రాలేదు, ప్రతి మీటింగ్‌లో అడుగుతూనే ఉన్నాను.