టిర్జెపటైడా, రెటాట్రుటైడా? ఒంట్లోకి పోయినాక ఏది ఏం చేస్తాది

అనంతపురంలో ఏ జిమ్ముకు పోయినా ఇప్పుడు ఇదే మాట, బరువు తగ్గడానికి టిర్జెపటైడ్ మందు మేలా రెటాట్రుటైడ్ మందు మేలా అని. రెండూ వారానికొక ఇంజెక్షనే, రెండూ ఎలై లిల్లీ కంపెనీవే, కానీ ఒంట్లో చేసే పని ఒకటి కాదప్పా.

టిర్జెపటైడ్ జీఎల్‌పీ-1, జీఐపీ అనే రెండు పేగు హార్మోన్ల రిసెప్టర్లను (కణాల మీద హార్మోన్ వచ్చి అతుక్కునే తాళాల్లాంటివి) పట్టుకుంటాది. ఆకలి తగ్గుతాది, కడుపు నిదానంగా ఖాళీ అవుతాది, షుగర్ పెరిగినప్పుడు ఇన్సులిన్ బాగా వస్తాది, ఉగ్గాని బజ్జీ ముందర పెట్టినా సగం ప్లేటుకే చాలనిపిస్తాది అన్నమాట.

రెటా, అంటే రెటాట్రుటైడ్, ఈ రెండిటితో పాటు గ్లూకగాన్ రిసెప్టర్‌ను కూడా తట్టిలేపుతాది, అసలు కథ ఇక్కడుంది. గ్లూకగాన్ మామూలుగా షుగర్ పెంచే హార్మోన్ కదా, మరి ఎందుకు కలిపినారంటే అది లివర్లో కొవ్వు కరిగిస్తాది, ఒళ్లు ఖర్చుపెట్టే ఎనర్జీ పెంచుతాది, షుగర్ ఎగబాకకుండా మిగతా రెండూ కాచుకుంటాయని. 2023లో వచ్చిన ఫేజ్ 2 ట్రయల్లో (మనుషుల మీద చేసే రెండో దశ పరీక్షలో) రెటా పెద్ద డోసు మీద 48 వారాలకు సగటున 24 శాతం బరువు తగ్గినారు, టిర్జెపటైడ్‌కు 72 వారాలకు సుమారు 21. వేరే వేరే ట్రయల్స్ ఇవి, పక్కపక్కన పెట్టి పందెం కాయొద్దండి. వికారం, వాంతులు రెండిట్లోనూ ఉన్నాయి. రెటాలో గుండె వేగం కూడా పెరిగింది.

టిర్జెపటైడ్ 2025 నుంచి మన దేశంలో డాక్టర్ చీటీ మీద దొరుకుతాంది. ఆన్‌లైన్లో "రీసెర్చ్‌కు మాత్రమే" అని అమ్మే రెటా పొడి సీసాలో నిజంగా ఏముందో ఎంతుందో చెప్పేవాడే లేడు, దాన్ని పొడుచుకుందాం రా అంటే నేనైతే రాను నాయనా.