ఎకల్స్ కేకా, చోర్లీ కేకా: ఇంట్లో చేయడానికి ఏది మేలు?

రెండూ ఇంగ్లండ్‌లోని పాత లంకాషైర్ సరుకే. పేరుకు కేకులు గానీ నిజానికి పిండి పొరలో కరెంట్స్ (చిన్న నల్ల ద్రాక్షను ఎండబెట్టినవి) కుక్కి కాల్చిన బిళ్లలు. అందుకే ఒకటి వస్తే రెండోదీ వచ్చినట్టేనా అని బేకింగ్ చేసేవాళ్లు అడుగుతూనే ఉంటారు. రాదు. తేడా పండులో లేదు, వెన్నలో ఉంది.

ఎకల్స్ కేకును 1793లో జేమ్స్ బర్చ్ ఎకల్స్ ఊళ్లోని తన దుకాణంలో అమ్మాడంటారు. దీనికి పొరల పిండి కావాలి. 250 గ్రాముల మైదాకు 175 గ్రాముల వెన్న. వెన్నను ఫ్రీజర్‌లో రాయిలా గట్టిపరచి తురమాలి. ఆ తురుమును అర టీస్పూన్ ఉప్పు వేసిన మైదాలో చాకుతో కలిపి, ఏడెనిమిది టేబుల్ స్పూన్ల ఐస్ నీళ్లు చల్లి ముద్ద చేసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. చేత్తో పిసికితే పని చెడినట్టే. వెన్న ముక్కలు విడివిడిగా ఉంటేనే ఓవెన్‌లో వాటిలోని నీరు ఆవిరై పొరలను లేపుతుంది. మాంచెస్టర్ చలిలో ఇదంతా సులువు. హైదరాబాద్ మే నెల వంటింట్లో అయితే అప్పడాల కర్ర కింద ఉండగానే వెన్న పిండిలోకి ఇంకిపోతుంది. పొరలు రావు, ట్రే నిండా నెయ్యి తేలుతుంది.

కూరడానికి 150 గ్రాముల కరెంట్స్, 60 గ్రాముల ముదురు బ్రౌన్ షుగర్, 40 గ్రాముల కరిగించిన వెన్న, 30 గ్రాముల నారింజ తొక్క మురబ్బా, అర టీస్పూన్ జాజికాయ పొడి కలపాలి. కరెంట్స్ దొరక్కపోతే నల్ల కిస్మిస్ తరిగి వేసుకోవచ్చు. కూరిక పూర్తిగా చల్లారాకే వాడాలి, వేడిగా ఉంటే పిండిలోని వెన్న కరుగుతుంది. పది సెంటీమీటర్ల బిళ్లలు కోసి, ఒక్కోదానిలో నిండు స్పూన్ కూరిక పెట్టి, బొబ్బట్టుకు పూర్ణం మూసినట్టే అంచులు దగ్గరికి తెచ్చి నొక్కాలి. మిగిలిన పిండి తోకను కత్తిరించకపోతే అడుగు పచ్చిగా మిగులుతుంది. అతుకు కిందికి తిప్పి, కొంచెం అణచి, పైన మూడు గాట్లు పెట్టి, గుడ్డు తెల్లసొన రాసి, పంచదార చల్లి, 200 డిగ్రీల్లో 20 నిమిషాలు కాల్చాలి. గాట్లు మరిచిపోతే ఆవిరి అతుకును చీల్చుకుని బయటికి వస్తుంది. కారిన చక్కెర ట్రేకు మాడి అంటుకుంటే గీకినా రాదు.

చోర్లీ కేకుకు ఇంత బెడద లేదు. 225 గ్రాముల మైదాలో 110 గ్రాముల చల్లటి వెన్నను వేళ్లతో రవ్వలా అయ్యేదాకా నలిపి, మూడు టేబుల్ స్పూన్ల చల్లటి నీళ్లతో ముద్ద చేస్తే చాలు. పాతకాలం వాళ్లు సగం వెన్న, సగం పందికొవ్వు వేసేవారు. ఇక్కడ వెన్న పిండికి పట్టాలి గానీ విడిగా నిలవక్కర్లేదు, కాబట్టి కాస్త మెత్తబడినా పరవాలేదు. నీళ్లు ఎక్కువ పోసినా, చపాతీ పిండిలా మర్దించినా మాత్రం బిళ్ల సాగుతుంది. లోపల 125 గ్రాముల కరెంట్స్, 25 గ్రాముల చక్కెర, 20 గ్రాముల వెన్న, అంతే. మూసి తిప్పాక, పైపొరలోంచి నల్లగా కరెంట్స్ తొంగిచూసేదాకా వత్తాలి. అదే గుర్తు. పైన చక్కెర వద్దు. 190 డిగ్రీల్లో 20 నిమిషాలు, రంగు లేతగానే ఉండాలి.

ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన ఎకల్స్ కేకు, పక్కన లంకాషైర్ చీజ్ ముక్క ఉంటే పోటీయే లేదు. కానీ మర్నాటికి దాని పొరలు మెత్తబడతాయి, మళ్లీ 160 డిగ్రీల్లో ఐదారు నిమిషాలు వేడిచేయాలి. చోర్లీ కేకు మూత గట్టి డబ్బాలో మూడు రోజులు బాగుంటుంది. తినేముందు పైన వెన్న రాసుకుంటారు. తీపి తక్కువ కాబట్టి కరెంట్స్ పులుపు కూడా నాలుకకు తెలుస్తుంది. ఏసీ లేని వంటిల్లయితే చోర్లీతో మొదలుపెట్టండి. ఎకల్స్ సంగతి డిసెంబరులో చూసుకోవచ్చు.

కొన్న పఫ్ షీట్లతో ఎకల్స్ చేయొచ్చా అంటే, చేయొచ్చు. అయితే చాలావాటిలో ఉండేది వెన్న కాదు, మార్గరిన్ అనే నూనెలతో చేసిన కొవ్వు. చల్లారాక అంగిలికి అంటుకుంటుంది. ఆక్స్‌ఫర్డ్‌షైర్ బాన్‌బరీ కేకు ఎకల్స్‌కు దగ్గరి చుట్టమే, ఆకారం కోలగా ఉంటుంది. ఎకల్స్ చేతికొచ్చినవాళ్లకు అందులో కొత్తగా నేర్చుకునేది పెద్దగా లేదు.