కెంటకీలో ఘాటు బర్బన్: ఎక్కడ దిగాం, ఎక్కడ రుచి చూశాం, ఏది నచ్చింది

కెంటకీకి బర్బన్ (అమెరికాలో ఎక్కువగా మొక్కజొన్నతో చేసే విస్కీ) కోసం వెళ్ళేవాళ్ళు చాలామంది లూయీవిల్‌లో దిగి, మెయిన్ స్ట్రీట్‌లోని విస్కీ రో చుట్టూ తిరిగి, రెండు సీసాలు కొనుక్కుని వచ్చేస్తారు. ఒక పూట సరదాకి అది చాలు. కానీ పీపాలోంచి తీసి నీళ్ళు కలపకుండా సీసాకెక్కించే బ్యారెల్ ప్రూఫ్ రకాలను రుచి చూసి మంచీచెడ్డా తేల్చుకోవాలంటే బస బార్డ్స్‌టౌన్‌లో పెట్టుకోండి. లూయీవిల్‌కి దక్షిణంగా సుమారు నలభై మైళ్ళ దూరంలో ఉన్న చిన్న ఊరు. విస్కీ తయారుచేసే డిస్టిలరీలున్న క్లెర్మాంట్, లొరెటో, లారెన్స్‌బర్గ్ అన్నీ అక్కడి నుంచి దగ్గరే. హైదరాబాద్ నుంచి మా బావమరిది వచ్చినప్పుడు అక్టోబరులో సిన్సినాటి నుంచి ఇద్దరం కార్లో వెళ్ళాం. చెట్ల ఆకులు రంగులు మారే కాలం కాబట్టి దారంతా బాగుంటుంది, గదుల అద్దెలు మాత్రం ఎక్కువ.

ముందు లెక్క తెలియాలి. అమెరికాలో ప్రూఫ్ అంటే ఆల్కహాల్ శాతానికి రెండింతలు. మన ఊళ్ళో విస్కీ సీసాల మీద కనిపించే 42.8 శాతం ఇక్కడి లెక్కలో 85.6 ప్రూఫ్. బ్యారెల్ ప్రూఫ్ బర్బన్లు ఎక్కువగా 110 నుంచి 135 మధ్య ఉంటాయి. చట్టం ప్రకారం బర్బన్ గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే నిలవ చేయాలి, పీపాలో పోసేటప్పుడు 125 ప్రూఫ్ దాటకూడదు. మరి 125తో లోపలికి వెళ్ళింది 130తో ఎలా బయటికొస్తుంది? దీనికి జవాబు అక్కడి గోదాముల్లో ఉంది. వాటిని రిక్‌హౌస్‌లు అంటారు. చాలావరకు ఎన్నో అంతస్తుల కొయ్య కట్టడాలు, ఏసీలు ఉండవు. ఎండాకాలం పై అంతస్తుల్లో వేడికి పీపాలోంచి ఆల్కహాల్ కంటే నీరే ఎక్కువగా పోతుంది, ఘాటు పెరుగుతుంది. చల్లగా, తేమగా ఉండే స్కాట్లాండ్‌లో ఇందుకు సరిగ్గా ఎదురు, అక్కడ ఏళ్ళు గడిచేకొద్దీ ఘాటు తగ్గుతుంది. అందుకే స్కాచ్ అలవాటున్న మా బావమరిదికి ఇది ఎంతో ఆసక్తిగా అనిపించింది. గోదాముల గోడలు, చుట్టుపక్కల చెట్ల బోదెలు నల్లగా మసి పట్టినట్టు కనిపిస్తాయి. ఆవిరైపోయే ఆల్కహాల్‌ని తిని పెరిగే బూజు అది.

ఈ ప్రయాణంలో నేను గట్టిగా నమ్మిన విషయం ఒకటుంది. సీసా మీద అంకె ఎంత పెద్దదన్నది కాదు, ఆ సారా పీపాలోకి ఎంత ఘాటుతో వెళ్ళిందన్నది అడగాలి. ఏ డిస్టిలరీకి వెళ్ళినా గైడ్‌ని ఈ ప్రశ్న అడగండి, సంతోషంగా చెబుతారు. తక్కువ ఘాటుతో నింపితే పీపాలో నీటి పాలు ఎక్కువ. ఓక్ చెక్కలోని చక్కెరల్లో చాలా భాగం నీటిలోనే బాగా కరుగుతాయి. పైగా తర్వాత సీసాలో పోసేటప్పుడు కలపాల్సిన నీళ్ళూ తగ్గుతాయి.

ఇది నాలుక మీద తెలిసే చోటు లారెన్స్‌బర్గ్‌లోని వైల్డ్ టర్కీ డిస్టిలరీ. కెంటకీ నది లోయ అంచున, కొండ మీద ఉంటుంది. 2014లో తెరిచిన సందర్శకుల భవనాన్ని ఆ ప్రాంతపు పొగాకు కొట్టాల తీరులో కట్టారు. టేస్టింగ్ గదిలోంచి నది, దాని మీద పాత రైలు వంతెన కనిపిస్తాయి. 1954 నుంచి ఇక్కడే విస్కీ తయారీలో పనిచేసిన జిమ్మీ రసెల్, ఆయన కొడుకు ఎడ్డీ రసెల్ పేర్లు ప్రతి మాటలోనూ వస్తాయి. వీళ్ళు పీపాలో పోసేది 115 ప్రూఫ్‌తో. అందుకే వాళ్ళ బ్యారెల్ ప్రూఫ్ సీసా రేర్ బ్రీడ్ 116.8 దగ్గర ఆగుతుంది. ఆరు, ఎనిమిది, పన్నెండేళ్ళ సరుకులను కలిపి చేస్తారు. పీపా లోపల కాల్పు కూడా బాగా లోతుగా ఉంటుంది, మొసలి చర్మంలా పగుళ్ళు తేలేదాకా కాలుస్తారు.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే కారమెల్, ఆ వెనకే నారింజ తొక్క, మిరియాలు. నోట్లో తీపి ముందొస్తుంది, మంట తర్వాత. మింగాక లవంగం, దాల్చినచెక్క ఛాతీ దాకా దిగుతాయి. ఆ వెచ్చదనానికి అక్కడి వాళ్ళు పెట్టుకున్న పేరు కెంటకీ హగ్. వగరు చాలా తక్కువ. 58.4 శాతం ఆల్కహాల్ ఉన్న మందులో రుచులు ఇంత విడివిడిగా తెలియడం నన్ను నిజంగా ఆనందపెట్టింది. నాలుగు చుక్కల నీళ్ళు వేశాక నారింజ వాసన ఇంకా పైకి వచ్చింది. బావమరిది గ్లాసు కిందపెట్టి, "బావా, అంకె చూసి భయపడ్డాను గానీ, ఇది మన ఊళ్ళో తాగే దానికన్నా మెత్తగా ఉంది" అన్నాడు.

రుచి చూసే పద్ధతి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మన అలవాట్లు దీనికి పనికిరావు. గ్లాసులో ముక్కు దూర్చి గట్టిగా పీల్చకండి. గడ్డం దగ్గర పట్టుకుని నోరు కొంచెం తెరిచి వాసన చూడండి. మొదటి గుటక పావు చెంచా కంటే ఎక్కువ వద్దు. అది నాలుకకు అలవాటు కోసమే, దాన్ని బట్టి తీర్పు ఇవ్వకూడదు. రెండో గుటక నోటినిండా తిప్పి మింగి, అప్పుడు నోటితో గాలి వదలండి. ఆ తర్వాత నీళ్ళు, కానీ చుక్కలుగానే. సోడా, ఐసు పోస్తే రుచి పోల్చుకోవడం కుదరదు. ఇక అన్నిటికంటే ముఖ్యం, కారం. మనకి మందు అంటే మసాలా పల్లీలు, మిరపకాయ బజ్జీలు, చికెన్ పకోడీ పక్కన ఉండాల్సిందే. మిరపకారం రేపే నరాలనే ఆల్కహాల్ కూడా రేపుతుంది, కాబట్టి ఘాటు బర్బన్ ముందు కారం తింటే మంట తప్ప ఇంకేం తెలియదు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోరని మేము అన్ని టేస్టింగులూ అయ్యాక సాయంత్రం గదిలో తిన్నాం. పగలు బ్రెడ్డు, చీజు, ఉప్పు లేని గింజలు సరిపోయాయి. శాకాహారులకు బార్డ్స్‌టౌన్‌లో ఎంపిక తక్కువ. భారతీయ భోజనం కావాలంటే లూయీవిల్‌కి రావాల్సిందే.

బార్డ్స్‌టౌన్‌లోనే ఉన్న హెవెన్ హిల్ కేంద్రం రెండో చోటు. 1935లో మొదలైన కుటుంబ సంస్థ. 1996 నవంబరులో ఇక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. డిస్టిలరీతో పాటు ఏడు గోదాములు, సుమారు 90,000 పీపాలు కాలిపోయాయి. మండుతున్న విస్కీ ఏరులా పారిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. వీళ్ళ ఎలైజా క్రెయిగ్ బ్యారెల్ ప్రూఫ్ ఏడాదికి మూడుసార్లు వస్తుంది. లేబుల్ మీద సి923 అని ఉంటే 2023 సెప్టెంబరులో వచ్చిన మూడో బ్యాచ్ అని అర్థం. పీపాలోకి 125తో వెళుతుంది, వయసు ఎక్కువ, కాబట్టి చెక్క బాగా దిగి ఉంటుంది. మంచి బ్యాచ్ దొరికితే ముదురు బెల్లంపాకం, కాల్చిన చెక్క, చివర్లో కోకో చేదు. అన్నీ అలా ఉండవు, కొన్నిటిలో వగరు మరీ ఎక్కువ. అందుకే బ్యాచ్ చూడకుండా ఈ సీసా కొనడం నాకు ఇష్టం లేదు. ముందు బార్‌లో ఒక ఔన్సు తాగి చూసి, అదే బ్యాచ్ కొనుక్కోవడం మంచిది. ఘాటుకు కొత్తవాళ్ళు ఇక్కడ బాటిల్డ్ ఇన్ బాండ్ సీసాలతో మొదలుపెట్టవచ్చు. 1897 నాటి చట్టం ప్రకారం అవి ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో చేసి, కనీసం నాలుగేళ్ళు నిలవ ఉంచి, కచ్చితంగా 100 ప్రూఫ్ దగ్గర సీసాలో పోసినవి.

క్లెర్మాంట్‌లో జిమ్ బీమ్ పెద్ద ఆవరణ. మాకు అక్కడ కావలసింది బుకర్స్. బుకర్ నో అనే మాస్టర్ డిస్టిలర్ 1988లో నీళ్ళు కలపకుండా, వడకట్టకుండా బయటికి తెచ్చిన బర్బన్, బ్యారెల్ ప్రూఫ్ రకాలకు ఇవాళ్టి గిరాకీ రావడంలో దాని పాత్ర పెద్దది. సాధారణంగా 120 నుంచి 130 మధ్య. వేయించిన పల్లీల వాసన స్పష్టంగా వస్తుంది, వెనిలా బాగా ఉంటుంది, మంట కూడా సూటిగా వచ్చి తగులుతుంది. దీనికి నీళ్ళు తప్పనిసరి అని నా అభిప్రాయం. అర చెంచా వేశాకే నాకు ఇందులో తీపి దొరికింది. లొరెటోలోని మేకర్స్ మార్క్ ఇందుకు పూర్తిగా వేరు. రై అనే ధాన్యం బదులు గోధుమ వాడతారు, పీపాలోకి 110తోనే పోస్తారు, కాబట్టి వాళ్ళ కాస్క్ స్ట్రెంగ్త్ (బ్యారెల్ ప్రూఫ్‌కే ఇంకో పేరు) కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. మొదటిసారి తాగేవాళ్ళకి నేను ఇదే పోస్తాను. సీసాని ఎర్ర మైనంలో మనమే ముంచుకోవచ్చు, పిల్లలు వెంట లేని పెద్దవాళ్ళ గుంపులు అక్కడ చాలా ఉత్సాహంగా కనిపించాయి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బఫెలో ట్రేస్ డిస్టిలరీకి తప్పక వెళ్ళండి. టూర్లు ఉచితం, పాత ఇటుక గోదాములు అద్భుతంగా ఉంటాయి. కానీ జార్జ్ టి. స్టాగ్ తాగొచ్చని ఆశపెట్టుకుని వెళ్ళకండి. శరత్కాలంలో ఏడాదికోసారి కొద్దిగా విడుదలయ్యే సీసా అది. దాన్ని మేము ఒక బార్‌లో అర ఔన్సు చొప్పున కొనుక్కుని తాగాం. ఎండు చెర్రీ, పొగాకు ఆకు, నల్ల చాక్లెట్, నిమిషాల తరబడి నిలిచే రుచి. గొప్పది, సందేహం లేదు. సీసాకి చీకటి బజారులో అడిగే ధర మాత్రం నేను ఇవ్వను.

బస విషయానికొస్తే, మొదట హైవే పక్కన ఒక మోటెల్ తీసుకున్నాం. అద్దె తక్కువే గానీ రాత్రంతా ట్రక్కుల చప్పుడు, గదిలో పాత సిగరెట్ వాసన. పొద్దున్నే ముక్కుతో పని ఉన్నవాళ్ళకి ఆ వాసన పెద్ద ఇబ్బంది. మర్నాడే ఊరి నడిబొడ్డున కోర్ట్ స్క్వేర్ దగ్గర ఒక చిన్న బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌కి మారాం. అద్దె దాదాపు రెట్టింపు, అయినా సాయంత్రం కారు తీయాల్సిన పని లేకుండా బార్లకి నడిచి వెళ్ళి రావచ్చు. ఆ ఒక్క సౌకర్యానికే ఆ డబ్బు ఇవ్వొచ్చు. 1779 నుంచి ఉన్న ఓల్డ్ టాల్బట్ టావర్న్ అక్కడే, రాతి గోడలు, మంచి బర్బన్ జాబితా.

పగలు డిస్టిలరీల మధ్య తిరగడానికి వ్యాను మాట్లాడుకున్నాం. డ్రైవర్ మొదటి రోజు బాగా ఆలస్యంగా వచ్చాడు, మేము కట్టిన ఒక టూర్ సగం పోయింది, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. బుక్ చేసేటప్పుడే ఆలస్యమైతే ఏం చేస్తారో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. వ్యాను మాత్రం మానుకోవద్దు. 120 ప్రూఫ్ మందు చిన్న గ్లాసుల్లో పోసినా ఒంట్లో చేరేది చిన్నది కాదు. ఆ పల్లె రోడ్లు మలుపులు, రాత్రి దీపాలుండవు. రోజుకి రెండు డిస్టిలరీలు చాలు, మూడోదానికి నాలుక మొద్దుబారిపోతుంది.

ఇండియాకి సీసాలు పట్టుకెళ్ళేవాళ్ళకి ఒక మాట. 70 శాతం, అంటే 140 ప్రూఫ్ దాటినదేదీ విమానంలోకి రానివ్వరు. 2007లో వచ్చిన స్టాగ్ 144.8 ప్రూఫ్, అలాంటివి ఇండియాకి తీసుకెళ్ళలేం. 24 నుంచి 70 శాతం మధ్యవి, సీలు తీయనివి, మనిషికి ఐదు లీటర్ల దాకా చెకిన్ సామానులో పెట్టొచ్చు. కానీ ఇండియాలో సుంకం లేకుండా వదిలేది రెండు లీటర్లే. బావమరిది రెండు రేర్ బ్రీడ్ సీసాలు చీరల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టుకున్నాడు. ఇక్కడ ఒక్కోటి 50, 60 డాలర్ల మధ్య దొరుకుతుంది.