వాట్సాప్ గ్రూపా, మెయిలా, వికీ చర్చా పేజీయా: వాదించుకోవడానికి ఏది మేలు?

హైదరాబాదులో మేముండే అపార్ట్‌మెంట్‌లో 64 ఫ్లాట్లున్నాయి. నేను అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్న రోజుల్లో ఒకనాటి ఉదయం 6 గంటల 10 నిమిషాలకు బోరు మోటారు కాలిపోయిందని వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. వెంటనే వాట్సాప్ గ్రూపులో ‘మోటారు కాలింది, మెకానిక్ 9 గంటలకు వస్తాడు, అంతవరకు సంపులో ఉన్న నీళ్లే గతి, ట్యాంకరు చెప్పాము’ అని పెట్టాను. 7 గంటలకు చూస్తే దాని కింద రెండు గులాబీ పూల శుభోదయాలు, ఒక ఏకాదశి శ్లోకం, ఎవరి మనవరాలిదో పుట్టినరోజు కేకు ఉన్నాయి. వాటి మధ్య మధ్య ‘నీళ్లు రావడం లేదు, ఎవరైనా పట్టించుకుంటారా?’ అన్న ప్రశ్న పదకొండు సార్లు ఉంది. పదకొండో వారు ‘ఇలాంటివి ముందే చెప్పాలి కదా’ అని కూడా చేర్చారు.

వీరిలో ఎవరూ చెడ్డవారు కారు. లిఫ్టు దగ్గర ఎదురైతే ‘మీరు ముందు ఎక్కండి’ అని పక్కకు తప్పుకొనేవారే. ఆ గులాబీ పూల పెద్దావిడ నాకు జ్వరం వచ్చినప్పుడు వారం రోజులు మిరియాల చారు పంపారు. నేను తెలుగువారి మెయిల్ గుంపుల్లో, అంటే ఒకరు రాసిన ఉత్తరం సభ్యులందరికీ చేరే చోట్ల, చాలాకాలం ఉన్నాను, తెలుగు వికీపీడియాలో అప్పుడప్పుడు రాస్తుంటాను, ఈ వాట్సాప్ గ్రూపును రెండేళ్లు నడిపాను. ఒకే రకం మనుషులు మూడు చోట్లా మూడు రకాలుగా మాట్లాడడం చూశాను. వారిలో నేనూ ఒకణ్ణి. అందువల్ల మాట తీరు చెడితే స్వభావాలను తప్పుపట్టే ముందు రెండు సంగతులు చూడాలని నాకు తోస్తుంది: ఆ చోటు మనిషికి ఆలోచించుకోవడానికి ఎంత వ్యవధి ఇస్తుంది, అన్న మాటను ఎంతకాలం గుర్తుంచుకుంటుంది.

ముందుగా పాతదాని సంగతి చూద్దాం. మెయిల్ గుంపుల మర్యాదలు ఏనాడో రాతలోకి ఎక్కాయి. 1995 అక్టోబరులో ఇంటెల్ ఉద్యోగి శాలీ హాంబ్రిడ్జ్ కూర్చిన ‘ఆర్.ఎఫ్.సి. 1855’ అనే ఇంటర్నెట్ మర్యాదల పత్రంలో అవన్నీ ఉన్నాయి. గుంపులో కొత్తగా చేరినవారు నెల రెండు నెలలు ఊరకే చదివి, ఆ తరువాతే నోరు విప్పాలి. జవాబిచ్చేటప్పుడు ఎదుటివారి ఉత్తరంలో అవసరమైన ముక్క మాత్రం ఉంచి మిగతాది తీసివేయాలి. ఆవేశంలో రాసిన జవాబు తెల్లవారేదాకా పంపకూడదు. అన్నీ పెద్ద (క్యాపిటల్) ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే అరిచినట్లుంటుంది కనుక అలా రాయకూడదు.

ఈ చివరి నియమం మనవారి దగ్గర అంతగా చెల్లలేదు. కంప్యూటర్లలో తెలుగు లిపిని నేరుగా రాయనిచ్చే యూనికోడ్ రాకముందు, యూజ్‌నెట్ అనే పాతకాలపు ఇంటర్నెట్ చర్చావేదికల్లోని తెలుగు వేదికలోను, ఆ తరువాత యాహూ గుంపుల్లోను, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయపు తెలుగువారు రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసేవారు. అందులో చిన్న ‘టి’ కొడితే ‘త’ అవుతుంది, పెద్ద ‘టి’ కొడితే ‘ట’ అవుతుంది; చిన్న ‘ఎన్’ అయితే ‘న’, పెద్దదైతే ‘ణ’. ‘పాత పాట’ అని రాయాలన్నా రెండు రకాల ‘టి’లూ కావాలి. పెద్ద అక్షరాలన్నీ ఇలా ఉచ్చారణకే సరిపోయినందున మనవారికి అరవడానికి అక్షరాలు మిగలలేదు. కోపం వస్తే ఛందస్సులోకో వ్యాకరణంలోకో దిగేవారు. ఒకాయన పద్యంలో మరొకాయన గణదోషం చూపించడం ఆ రోజుల్లో చెంపదెబ్బతో సమానం. దానికి జవాబు మర్నాడు, ‘అయ్యా, నమస్కారం’ అని మొదలై, నాలుగు పేరాల పాటు మర్యాదగానే మండిపడి, కింద పూర్తి పేరుతో ముగిసేది. భోజనమయ్యాక కంప్యూటరు ముందు కూర్చుంటే తప్ప రాయడం కుదరదు కనుక, కోపం కూడా కాస్త వండి వార్చిన కోపంగా ఉండేది.

విసిగించే సంగతులు అక్కడా తక్కువేమీ కావు. ‘నాకూ అదే అభిప్రాయం’ అన్న ఒక్క వాక్యం కింద, అప్పటికే అందరూ చదివిన ఎనభై వాక్యాలు తోకలా వేలాడేవి. ‘యతి నియమాలు’ అన్న శీర్షికతో మొదలైన చర్చ పన్నెండో ఉత్తరానికి పెసరట్టులో అల్లం ఎంత వేయాలన్న దగ్గర తేలేది, కాని శీర్షిక మాత్రం యతి దగ్గరే నిలిచిపోయేది. గుంపు నుంచి తప్పుకోదలచినవారు ఆ విన్నపాన్ని వందల మందికీ పంపేవారు. వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ తరువాత తగిలింది. యాహూ 2019 చివర గుంపుల్లోని పాత ఉత్తరాలను తొలగించి, 2020 డిసెంబరులో ఆ సేవనే మూసివేసింది. రచ్చబండ వంటి గుంపుల్లో ఏళ్ల తరబడి సాగిన చర్చల్లో, ఎవరైనా ముందుచూపుతో దించుకొని దాచుకున్నవి తప్ప, మిగతావి యాహూలో లేకుండా పోయాయి. మెయిల్ ఇచ్చే వ్యవధి మంచిదే గాని, దాని జ్ఞాపకం అద్దె ఇంటిలాంటిది.

వాట్సాప్ దీనికి పూర్తిగా తలకిందులు. ఒక గ్రూపులో 1024 మంది దాకా చేరవచ్చు. మా 64 ఫ్లాట్లకే 140 మంది అయ్యారు, ఎందుకంటే యజమానులు, అద్దెకున్నవారు, ఇల్లు ఇక్కడ ఉండి తాము డాలస్‌లో ఉన్నవారు అందరూ ఒకే గదిలో ఉన్నారు. డాలస్‌లో మధ్యాహ్నం మూడున్నరకు తీరిక చేసుకొని ‘మెయింటెనెన్స్ లెక్కలు ఎక్కడ?’ అని ఒకరు అడిగితే, అది ఎండాకాలంలో మాకు తెల్లవారుజామున రెండింటికి మోగుతుంది. నిద్రకళ్లతో ఇచ్చిన జవాబులో మర్యాద వెతకకూడదు. చేతిలో ఫోను ఉన్నంతసేపూ జవాబివ్వవచ్చు గనుక, జవాబివ్వకపోతే పొగరనుకుంటారు. నీలం గీతలు పడి గంటైనా పలకకపోవడం మా గ్రూపులో నేరం కిందే లెక్క.

జ్ఞాపకం విషయంలో వాట్సాప్ మరీ చిత్రమైనది. పంపినదాన్ని దిద్దుకోవడానికి 15 నిమిషాలే గడువు, కాని అందరి ఫోన్ల నుంచి తుడిచివేయడానికి రెండు రోజులకు పైగా గడువు ఉంది. అందువల్ల తప్పును సరిచేసుకోవడం కన్నా అనలేదని బుకాయించడమే సులభం. ఈ లోగా ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఉంటారు. ఇక అసలు విషయం పోయి, ‘మీరన్నారా, లేదా?’ అన్నదే విషయమవుతుంది. నెల కిందట తేల్చుకున్న సంగతి పూలకింద, పండుగ శుభాకాంక్షల కింద ఎక్కడో పూడిపోతుంది కనుక, అదే ప్రశ్న మళ్లీ కొత్తగా మొదలవుతుంది.

ఇక పిలుపుల సంగతి. ఎదురుగా ఉన్నప్పుడు గొంతు, ముఖం చేసే పని రాతలో ‘గారు’, ‘అండి’ చేయాలి. తొందరలో అవే ముందు రాలిపోతాయి. మా దగ్గర మనుషులు ఫ్లాటు నంబర్లయిపోయారు: ‘302, మీ స్కూటరు తీయండి.’ దీనికి ఒకరు నొచ్చుకోగా, మరునాటి నుంచి ‘302 గారూ, మీ స్కూటరు తీయండి’ అని రాయసాగారు. అంకెకు గారు తగిలించడం మరింత ఎగతాళిగా ఉందని రెండో గొడవ. వరంగల్ వైపు పెద్దాయన ఆప్యాయంగానే ‘నువ్వు చెప్పింది నిజమే’ అని రాస్తే, ‘నువ్వు’ చూసి మరో వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మాటే పెద్దాయన నోట విని ఉంటే అతను నవ్వి ఊరుకునేవాడు.

చేతులు జోడించిన బొమ్మది వేరే కథ. అది కృతజ్ఞత, నమస్కారం, సంతాపం, ‘నీకో దండం, ఇక ఆపు’ అన్న నాలుగు పనులకూ ఒకటే. లిఫ్టు ఖర్చు మీద ఒకరి సుదీర్ఘ వివరణకు జవాబుగా మరొకరు ఒక్క దండం పెడితే, సగంమంది సమస్య తీరిందనుకున్నారు, మిగతా సగం కొత్త సమస్య మొదలైందని సరిగ్గానే గ్రహించారు.

అడ్మిన్‌గా ఉన్నవారికి ఒక ఊరట ఉంది. సభ్యుడు పెట్టిన అభ్యంతరకరమైన రాతకు, ఇద్దరి ఉద్దేశమూ ఒకటేనని తేలితే తప్ప, అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమని 2021లో బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం చెప్పింది. న్యాయస్థానం వదిలిపెట్టినా పక్కింటివారు వదలరన్నది వేరే సంగతి.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసానికీ పక్కన ఒక చర్చా పేజీ ఉంటుంది. అందరికీ సంబంధించిన విషయాలకు అక్కడా రచ్చబండ అనే పేరుతోనే ఒక పేజీ ఉంది, యాహూ గుంపు వేరు, ఇది వేరు. చెప్పదలచినది రాసి చివర నాలుగు టిల్డెలు (~ గుర్తులు) పెడితే పేరు, తేదీ, సమయం వాటంతట అవే పడతాయి. ఎవరి మాటనైనా ఎవరైనా దిద్దగల చోటు అది, అయినా ఇతరుల మాటల జోలికి పోకపోవడం అక్కడి మర్యాద. తన మాటను వెనక్కి తీసుకోదలచినవారు కూడా, దానికి ఎవరైనా జవాబిచ్చి ఉంటే, తుడిచివేయకుండా అడ్డంగా కొట్టివేస్తారు, ఎందుకంటే అది పోతే కింద ఉన్న జవాబులు అర్థం కాకుండా పోతాయి. ప్రతి మార్పూ ‘చరిత్ర’లో నిలిచి ఉంటుంది.

ఒక ఊరి పేరులో దీర్ఘం ఉండాలా వద్దా అన్న చర్చలో ఒకనాటి రాత్రి నేను ‘ఈ మాత్రం తెలియనివారు వ్యాసాలు రాయడం ఎందుకు?’ అని రాశాను. తెల్లవారి చూసుకొని సిగ్గుపడి కొట్టివేశాను. అవతలివారు దాన్ని పట్టించుకోకుండా, రెండు పాత గెజిట్లలో ఆ పేరు ఎలా అచ్చయిందో చూపించి, చివర ‘గారూ, మీ దగ్గర మరేదైనా ఆధారం ఉంటే చేర్చండి’ అన్నారు. నా దగ్గర లేదు. అక్కడ ఎంతమంది చేతులెత్తారన్నది లెక్క కాదు, ఆధారం ఎవరిదన్నదే లెక్క. కొట్టివేసిన నా వాక్యం ఇప్పటికీ అక్కడే ఉంది, గీత చాటున చక్కగా చదవవచ్చు. ఆ గీతను తలచుకొని నేను ఆపేసుకున్న వాక్యాలు చాలానే ఉన్నాయి.

అయితే వికీలో విసుగు మరో రూపంలో వస్తుంది. వాట్సాప్‌లో పదకొండుమంది ఒకే ప్రశ్న వేస్తే, ఇక్కడ ఒక ప్రశ్నకు పదకొండు నెలలైనా ఎవరూ పలకకపోవచ్చు. చురుకుగా రాసేవారు కొద్దిమందే, వారికి చేతినిండా పని. జవాబుకు జవాబు కుడివైపుకు జరుగుతూ పోయి, ఫోనులో చూస్తే చివరి జవాబు తాటిచెట్టులా నిలువుగా మిగులుతుంది. కొత్తవారికి ఆ నాలుగు టిల్డెలే ఒక గండం. ఈమధ్య వచ్చిన జవాబు సౌకర్యం సంతకాన్ని తానే పెడుతోంది కనుక ఆ బాధ కొంత తీరింది.

ఫేస్‌బుక్ గుంపు, టెలిగ్రామ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫేస్‌బుక్‌లో వ్యాఖ్యలు వచ్చిన వరుసలో కాక యంత్రం ఎంచిన వరుసలో కనిపిస్తుంటాయి. జవాబు ముందు, ప్రశ్న తరువాత కనిపించే చోట వాదించడం నా వల్ల కాదు. టెలిగ్రామ్‌లో నీళ్లకు, పార్కింగుకు, పండుగలకు వేరువేరు అంశాలు తెరవవచ్చు, ఒకరే వరుసగా పది సందేశాలు కొట్టకుండా వ్యవధి విధించవచ్చు. వసతులు చూస్తే అదే మేలు, కాని మా అపార్ట్‌మెంట్‌లో సగంమంది అందులో చేరలేదు, చేరినవారు మరునాటి నుంచి చూడలేదు.

ఇవన్నీ ఒకచోట తేలింది విద్యుత్ కార్ల చార్జింగ్ దగ్గర. సెల్లార్‌లో చార్జింగ్ పాయింటు పెట్టుకోనివ్వాలా, కరెంటు ఎవరి మీటరు నుంచి రావాలి అన్నదానిపై వాట్సాప్‌లో మూడు రోజుల్లో రెండు వందలకు పైగా సందేశాలు వచ్చాయి. ఇద్దరు గ్రూపు వదిలిపోయారు, నిర్ణయం మాత్రం రాలేదు. అప్పుడు కమిటీ గ్రూపులో ఆ చర్చను ఆపించి, యజమానులందరికీ మెయిల్ పంపింది: అభ్యంతరం ఉన్నవారు పది రోజుల్లో, కారణంతో సహా, సంతకంతో రాయాలి. రెండు వందల సందేశాల చోట తొమ్మిది ఉత్తరాలు వచ్చాయి. గ్రూపులో ‘అందరినీ తగలబెడతారా?’ అని అరిచిన పెద్దమనిషే మెయిలులో వైరు మందం ఎంత ఉండాలి, ఎంసీబీ ఎక్కడ ఉండాలి, మంటలార్పే సిలిండరు ఏ స్తంభం దగ్గర పెట్టాలి అన్నవి రెండు పేజీల్లో రాసి పంపారు. ఆయన అభ్యంతరాల్లో మూడింటిని ఉన్నవి ఉన్నట్లుగా నిబంధనలు చేశాం. ఎవరేమన్నారో, దానికి ఏం జవాబిచ్చామో తేదీలతో సహా, వికీ చర్చా పేజీ పద్ధతిలో ఒక ఫైలులో రాసి, దాన్ని అందరికీ కనిపించేలా ఉంచాము.

కాబట్టి డబ్బుతో ముడిపడిన విషయానికి మెయిలు, పదేళ్ల తరువాత కూడా ‘అప్పుడలా ఎందుకు అనుకున్నారు?’ అని అడగగల విషయానికి వికీ పద్ధతి, ట్యాంకరు గేటు దగ్గరికి వచ్చిందని చెప్పడానికి వాట్సాప్ అన్నది నా తీర్పు. మోటారు కాలినప్పుడు మెయిల్ పంపితే ఎవరూ తలంటు పోసుకోలేరు, అది నిజమే. అయితే వాట్సాప్‌లో అడ్మిన్లు మాత్రమే రాయగల గ్రూపు ఒకటి వేరుగా పెట్టి, నీళ్లు, కరెంటు, లిఫ్టు కబుర్లు అందులో వేశాక, పదకొండు ప్రశ్నలు రెండుకు తగ్గాయి. పూలు, కేకులు పాత గ్రూపులో యథావిధిగా సాగుతున్నాయి. వాటిని ఆపాలని నేనెప్పుడూ అనలేదు, చారు సంగతి గుర్తుంది కనుక.

చార్జింగ్ పాయింట్లు ఆ నిబంధనల ప్రకారమే, ఎవరి ఫ్లాటు మీటరు నుంచి వారే వైరు లాగుకొని పెట్టుకున్నారు. ప్రస్తుతం గ్రూపులో నడుస్తున్న చర్చ, వాటిలో ఒకదానికి అడ్డంగా నిలిపిన 302 గారి స్కూటరు గురించి.